ఇరవై నెలలు తక్కువ

మా మహిపాల్ పుట్టింది ఎనభై నాలుగులో, సద్దుల బతుకమ్మకు ముందటి రోజు. పొద్దున పది దాటింది. జనగామ పక్క మా పల్లెలో, ఇంటి ముందు నీడలో కూర్చుని నేను గునుగు పూలకు రంగు అద్దుతున్నాను. కోడలు సారలమ్మ తంగేడు కట్టలు కడుతూ కడుతూ నడుము పట్టుకుని గోడకు ఆనుకుంది. మంత్రసాని వచ్చేలోపే పిల్లాడు బయటపడ్డాడు. వాడు పెద్దయి పందేల్లో దుంకడం మొదలుపెట్టాక, ముందు కాళ్ళు వచ్చాయా తల వచ్చిందా అని నన్ను చాలామంది అడిగారు. తలే వచ్చింది. కాళ్ళు ఆ తర్వాత చాలాసేపు వస్తూనే ఉన్నాయి, అంత పొడుగు.

ఆ రోజు తిథి సప్తమి, నక్షత్రం మూల. నా వేళ్ళకు అంటిన రంగు గులాబీ. ఇంత గుర్తుంది నాకు. కానీ బడి కాగితాల్లో వాడు పుట్టింది ఎనభై ఆరు, జూన్ పదో తారీఖు. ఇరవై నెలలు తక్కువ. ఆ జూన్ పదిన మా ఇంట్లో ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు. ఆ తేదీ పడడానికి కారణం నేను.

నా కొడుకు చంద్రయ్యకు నాచారంలో పైపులు చేసే కంపెనీలో వెల్డర్ పని దొరికింది. అందరం కలిసి వచ్చేశాం. వచ్చిన ఏడాది పిల్లాడికి పచ్చకామెర్లు, మాకు మూడు ఇళ్ళు మారడం, దాంతో బడి సంగతి వెనకబడింది. సారలమ్మ కూడా మందుల కంపెనీలో సీసాలకు మూతలు బిగించే పనికి కుదిరింది. పిల్లాడు నా కొంగు పట్టుకుని తిరిగాడు. తొంభై ఒకటి జూన్‌లో, వాడికి ఆరు నిండి ఏడో ఏడు సగం గడిచాక, బడిలో వేయడానికి నేనే తీసుకుపోయాను.

చంద్రయ్య ఏడో తరగతి దాకా చదివినవాడు. ముందటి రోజే ఒక చీటీ రాసి నా చేతిలో పెట్టాడు. “అవ్వా, వీడు పుట్టిన తారీఖు ఇది. ఉన్నది ఉన్నట్టు రాయించు” అన్నాడు. నేను దాన్ని కొంగున ముడి వేసుకున్నాను.

పొద్దున నీళ్ళ నల్లా దగ్గర పక్కింటి శాంతాబాయి కనబడింది. ఆమె భర్త సర్కారు ఆఫీసులో తోటమాలి, అప్పుడే రిటైరయ్యాడు.

“మా ఆయనకు బడిల పంతులు రెండేండ్లు ఎక్కువ రాసిండు అక్కా. చేతుల్ల బలం ఉండంగనే ఇంటికి పంపిన్రు, ఇగ పొద్దంత నా ఎంబడి తిరుగుతుండు. నీ మనుమనికి తక్కువ రాయించు. నౌకరీకి దరఖాస్తు పెట్టుకునుడు రెండేండ్లు ఎక్కువ దొరుకుతది.”

“తప్పు గాదా?”

“ఎవరికి తప్పు? పిల్లగాడు ఏమన్న అడుగుతడా? బస్తీల అందరు చేసేదే.”

నల్లా దగ్గర నుంచి బడి దాకా అదే ఆలోచించుకుంటూ నడిచాను. మా ఊళ్ళో సర్కారు నౌకరీ వచ్చినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. వాళ్ళలో ఒకడికి వయసు మూడు నెలలు దాటిందని ఉత్తర్వు వెనక్కి పోయింది. అదే కళ్ళలో మెదిలింది.

హెడ్మాస్టర్ రామచంద్రరావు సారు మంచివాడే. అప్పట్లో పిల్లాడికి అయిదు నిండాయో లేదో చూడడానికి ఒక పద్ధతి ఉండేది. కుడిచేయి తల మీదుగా వేసి ఎడమ చెవి అందుకోవాలి. అందితే అయిదు నిండినట్టు. మహిపాల్ చెవి అందుకోవడమే కాదు, చెవి దాటి మెడ గోక్కున్నాడు.

“అయిదేనా అమ్మా? మస్తు పొడుగున్నడు గదా” అన్నాడు సారు.

“తాత పోలిక సారూ. ఆయన దర్వాజకు తల కొట్టుకోని రోజు లేదు.”

సారు నవ్వాడు. “పుట్టిన తేదీ?”

చీటీ కొంగులోనే ఉంది. నేను దాన్ని చేత్తో పట్టుకునే ఉన్నాను. “అయిదేండ్ల కింద, తొలకరి పడ్డ రోజు సారూ” అన్నాను.

“అయితె జూన్ పది” అని రాసుకున్నాడు. ఆ బడిలో సగం మంది పిల్లలు జూన్‌లోనే పుట్టినట్టుండేది. ఆ చీటీని పొయ్యిలో వేశాను. సాయంత్రం చంద్రయ్య అడిగితే ఇచ్చానన్నాను.

దసరా సెలవులకు మార్కుల కార్డు వచ్చింది. దాని మీద తేదీ చూసి చంద్రయ్య నా వైపు చూశాడు. రెండు రోజులు పనికి నాగా పెట్టి బడికి తిరిగాడు. కాగితాలు పైకి పోయాయి, మార్చాలంటే కోర్టు నుంచి తేవాలి అన్నారు. వాడికి షిఫ్టులు, నాకు నోరు లేదు. అలా ఉండిపోయింది. సారలమ్మకు అయితే ఈ సంగతే తెలియదు.

మహిపాల్ పన్నెండు పదమూడేళ్ళ వాడయ్యాడు. మా కంపెనీల రోడ్డు తవ్వి, మురికినీళ్ళ కోసం సిమెంటు గొట్టాలు తెచ్చి వరసగా పడేశారు. పిల్లలందరూ వాటి పక్క నుంచి బడికి పోయేవాళ్ళు. మావాడు వాటి మీద నుంచి పోయేవాడు. ఒకదాని తర్వాత ఒకటి, ఎక్కడా ఆగకుండా, పుస్తకాల సంచి వీపు మీద ఎగురుతూ. ఒకరోజు స్కూటర్ మీద పోతున్న పెద్దమనిషి బండి ఆపి, వాడి వెనకే మా ఇంటికి వచ్చేశాడు. పేరు త్రిమూర్తులు. గోదావరి జిల్లా మనిషి, రైల్వేలో పని, మౌలాలి క్వార్టర్స్‌లో ఉంటాడు. లాలాపేట్ దగ్గర మైదానంలో పిల్లలకు పరుగులు నేర్పుతాడు.

“ఎవరు నేర్పారమ్మా వీడికి?” అని అడిగాడు.

“ఎవరు నేర్పుతరు సారూ, కుక్కలు ఎంబడ పడితె నేర్చుకున్నడు” అంది సారలమ్మ.

“గేటు తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకుంటోంది వీడి కాలు. నా దగ్గరికి పంపించండి.”

“తీస్కపో సారూ. గని తినే టైముకు పంపకు, మాకు మిగులుతది” అంది. ఆమె అలాగే మాట్లాడుతుంది. ఆ రోజే వాడి బూట్లకు తన పాత చీర అంచు చింపి నాడాలు చేసి ఇచ్చింది.

ఆ పందెం పేరు హర్డిల్స్. మేము దుంకుడు పందెం అనేవాళ్ళం. దారిలో పది అడ్డాలు పెడతారు. మొదటిదాని దాకా ఎనిమిది అడుగులు, ఆ తర్వాత ఒక్కో అడ్డానికి నడుమ మూడే అడుగులు. నాలుగు వేస్తే లయ చెడినట్టే. చిన్నపిల్లలకు అడ్డం మూడడుగుల ఎత్తు, పెద్దవాళ్ళకు మూడున్నర. ఇదంతా నాకు చంద్రయ్య చెప్పాడు. కొడుకు కంటే ముందు వాడే నేర్చుకున్నాడు మరి. కంపెనీలో పనికిరాని పైపు ముక్కలు సూపర్వైజర్‌ను అడిగి తెచ్చుకుని, రెండు అడ్డాలు చేశాడు. ఎత్తు పెంచడానికి మేకు పెట్టే బెజ్జాలు కూడా వేశాడు, ముందు ముందు మూడున్నర కావాలి కదా అని. కంపెనీ గోడ వెనక సందులో తెల్లారగానే తండ్రీకొడుకులు చేరేవాళ్ళు. చంద్రయ్య మెడలో ఈల. వాడు పరుగెత్తుతుంటే పక్కన తనూ ఉరుకుతూ “ఒకటి, రెండు, మూడు, లే” అనేవాడు.

పాలు పోసే ఆయన ఆగి చూసేవాడు. “చంద్రయ్య బావా, కొడుకును మేకపిల్ల లెక్క దుంకిస్తున్నవ్. అంగడికి కొట్టుకపోతవా ఏంది?”

“నీ బర్రెను గూడ తోలుకరా, దానికి గూడ నేర్పుత” అనేవాడు చంద్రయ్య. అయిదేళ్ళు అలా గడిచాయి. మా ఇంట్లో అంత నవ్వులు మళ్ళీ లేవు.

రెండువేల రెండులో మహిపాల్ ఇంటర్ రెండో ఏడు. పదిహేడేళ్ళ లోపు పిల్లల రాష్ట్రపు పందెంలో మొదటివాడిగా వచ్చాడు. ఇంక ఢిల్లీ వైపు పెద్ద పోటీకి పోవాలి. అక్కడ ఒక్క పతకం వస్తే చాలు, రైల్వేలో ఉద్యోగం సంగతి నేను చూసుకుంటానని త్రిమూర్తులు సారు మాట ఇచ్చాడు. చంద్రయ్య కొడుకు కోసం పెట్టె కొన్నాడు, పచ్చరంగుది.

పోయే ముందు పిల్లలందరికీ మణికట్టు ఫోటో తీశారు. ఎముక చూసి వయసు చెప్తారట. అట్లాంటిది ఉంటుందని నాకెలా తెలుస్తుంది. నోటితో చెప్పినదాన్ని, కాగితం మీద రాసినదాన్ని లోపలి ఎముక కాదంటుందని ఎవరనుకుంటారు.

నాలుగు రోజుల తర్వాత త్రిమూర్తులు సారు వచ్చాడు. చాయ్ ఇస్తే ముట్టుకోలేదు.

“ఎముకకి పద్దెనిమిది దాటిందంటున్నారమ్మా. ముగ్గురు పిల్లల్ని ఆపేశారు. అందులో మనవాడు ఒకడు. పతకం వెనక్కి ఇవ్వాలి. రెండేళ్ళ దాకా ఎక్కడా పరుగెత్తకూడదు.”

“రైల్వే?” అన్నాడు చంద్రయ్య.

“వయసు దొంగతనం అని రాశారు చంద్రయ్యా. ఆ మాట పడ్డాక నేనెవర్ని అడగను?” ఆయన కళ్ళు తుడుచుకుని మహిపాల్ వైపు తిరిగాడు. “నీకు తెలుసా బాబూ? నాతో నిజం చెప్పు.”

“నేనెప్పుడు పుట్టిన్నో నాకెట్ల తెలుస్తది సార్” అన్నాడు మహిపాల్. గొంతు చాలా మెల్లగా ఉంది. తర్వాత తండ్రి ముందుకు పోయి నిలబడ్డాడు. “బడిల నా వయసు ఎవరు రాయించిన్రు బాపూ?”

నేను నోరు తెరవబోయాను. చంద్రయ్య నావైపు ఒక్కసారి చూసి, “నేనే” అన్నాడు.

“తెలిసే రాయించినవా?”

“తెలిసే. నౌకరీకి పనికొస్తదని.”

“అయిదేండ్లు రోజు పొద్దుగాల నా పక్కపొంటి ఉరుక్కుంట లెక్కపెట్టినవ్. ఒక్కరోజన్న యాదికి రాలేదా? కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడన్న?”

చంద్రయ్య తల వంచుకున్నాడు. పోటీ కాగితాల మీద తండ్రిగా సంతకం పెట్టింది మాత్రం నిజంగా వాడే. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది అని వాడూ అనుకున్నాడేమో. అడగలేదు నేను.

అందరూ లేచి వెళ్ళాక పెరట్లో వాణ్ణి పట్టుకున్నాను. “గట్లెందుకు జెప్పినవ్ కొడుకా?”

“వాడు నీ చేతిల పెరిగిండు అవ్వా. మేమిద్దరం షిఫ్టులకు పోతె వాడికి అమ్మవు, అయ్యవు నువ్వే. నా మీద కోపమైతె నీ దగ్గర కూసుంటడు. నీ మీద కోపమైతె యాడ కూసుంటడు? నువ్వు నోరు దెరువకు.”

తెరవలేదు. కొడుకు మాట విన్నానని చెప్పుకోవచ్చు. కానీ ఆ మాట విన్నప్పుడు నా గుండె కుదుటపడింది. మనవడు నా పక్కనే పడుకుంటాడు, నా చేత్తోనే తింటాడు అన్న సంతోషం ముందు వచ్చింది, కొడుకు సంగతి తర్వాత వచ్చింది. ఆ వరస నాకు బాగా గుర్తుంది.

ఆ రోజు నుంచి మహిపాల్ తండ్రిని బాపూ అని పిలవడం మానేశాడు. ఒకే ఇల్లు, రెండే గదులు. ఏదైనా కావాలంటే “ఆయనకు చెప్పు” అని తల్లితో అనేవాడు. “మీ ఇద్దరి నడుమ నేనేమన్న పోస్టు మనిషినా” అని సారలమ్మ మొదట్లో విసుక్కునేది, తర్వాత అదీ మానేసింది. సందులో అడ్డాలు రెండూ తుప్పు పట్టాయి.

పతకం లేదు కాబట్టి ఆటల కోటా లేదు. వాడు పుస్తకాల ముందు కూర్చున్నాడు. ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కంప్యూటర్ తీసుకోమని బస్తీ మొత్తం చెప్పింది. పోచారం వైపు పెద్ద పెద్ద ఆఫీసులు వస్తాయట, ఏసీలో కూర్చోవచ్చట. వాడు సివిల్ తీసుకున్నాడు. ఆరుబయట తిరిగే పని కావాలన్నాడు.

రెండేళ్ళ గడువు తీరాక, ఇంజనీరింగు మూడో ఏడులో, కాలేజీ తరఫున మళ్ళీ దిగాడు. కాలేజీ పందేలకు ఈ వయసు లెక్కలు అంతగా ఉండవు. తార్నాక దగ్గర యూనివర్సిటీ మైదానంలో పందెం అంటే నేనూ పోయాను. మహిపాల్ వరసలో నిలబడగానే మెట్ల మీది పిల్లలు మొదలుపెట్టారు.

“తాతా, జర మెల్లగ దుంకు, బొక్కలు ఇరుగుతయ్.”

“ఇరిగితె ఫికర్ లేదురా, ఫోటో ముందే తీసిన్రు.”

వాడు వినబడనట్టు కాళ్ళు విదిలించుకుంటున్నాడు. అప్పుడు చూశాను, కంచె అవతల రోడ్డు మీద చంద్రయ్య, కంపెనీ బట్టలతో, సైకిల్ పట్టుకుని. ఈల మోగింది. మహిపాల్ ఆరు అడ్డాలు గాలిలా దాటాడు. ఏడోదానికి మోకాలు తగిలింది. పడలేదు, కానీ తర్వాత నాలుగడుగులు పడ్డాయి. మూడో స్థానం వచ్చింది. కంచె అవతల లెక్కపెడుతున్న చంద్రయ్య పెదాలు అప్పటికి ఆగాయి.

త్రిమూర్తులు సారు నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. “మూడు నుంచి మూడున్నరకి మారాల్సిన వయసులో ఖాళీగా కూర్చున్నాడమ్మా. ఆ రెండేళ్ళు ఇంక ఎక్కడ తెస్తాం. మంచివాడు, చదువుకుంటాడు లెండి.”

కాలేజీలో ఉన్నన్నాళ్ళూ దుంకాడు. ఎప్పుడూ రెండో స్థానం, మూడో స్థానం. చంద్రయ్య ప్రతిసారీ కంచె అవతలే నిలబడ్డాడు. చదువు అయిపోయిన రోజు మహిపాల్ బూట్లు కడిగి ఎండబెట్టి శాంతాబాయి మనవడికి ఇచ్చేశాడు. ఉద్యోగం వచ్చింది, ముందు రోడ్ల పని, తర్వాత ఉప్పల్‌లో మెట్రో రైలు స్తంభాల పని, ఒక కాంట్రాక్టు కంపెనీలో. నెత్తిన పసుపు టోపీ. స్తంభానికి స్తంభానికి నడుమ వాడు నడిచి వస్తుంటే కింది కూలీలు కూడా ఆగి చూస్తారట, అంత అందంగా నడుస్తాడు.

అంతా మంచికే అయింది కదమ్మా అంటారు చూసినవాళ్ళు. రైల్వేలో టికెట్లు చింపుకునేవాడు, ఇప్పుడు ఇంజనీరు అయ్యాడు అంటారు. నేను తల ఊపుతాను. వాడు ఏమవ్వాలనుకున్నాడో వాళ్ళకు తెలియదు. ఎవరైనా మంచి ఇంజనీరువయ్యా అంటే వాడు థాంక్స్ అంటాడు. ఆ పాత పరుగుల ఫోటో ఎవరైనా గోడ మీద చూసి అడిగితే మాత్రం, మాట మార్చి బయటికి పోతాడు.

ప్రతి జూన్ పదిన ఆఫీసువాళ్ళు కేకు కోయిస్తారు. మిగిలిన ముక్క డబ్బాలో ఇంటికి తెచ్చి బల్ల మీద పెడతాడు. “ఎవనిదో పుట్టినరోజు, తినున్రి” అంటాడు. చంద్రయ్య ఎప్పుడూ ముట్టలేదు.

రెండువేల పన్నెండులో పెళ్ళి కుదిరింది. మౌలాలి పిల్ల, మానస. జాతకాలు చూడడానికి అయ్యగారు వచ్చి పుట్టిన వేళ అడిగితే నేను గడగడా చెప్పాను. తిథి, వారం, నక్షత్రం, పొద్దు ఎక్కడిదాకా వచ్చిందో, అన్నీ. అయ్యగారు పోయాక మహిపాల్ నా దగ్గర కూర్చున్నాడు.

“ఇంత మంచిగ యాదున్నది నీకు. బడిల ఏసేటప్పుడు ఆయన నిన్ను ఒక్క మాట అడగలేదా బాపమ్మా?”

వాడు నన్ను బాపమ్మా అంటే, బాపును కన్న అమ్మ అని. ఆ పిలుపులో ఇంకా తండ్రి ఉన్నాడు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఇంట్లో ఎవరూ లేరు, వాడు నెమ్మదిగా అడిగాడు.

“అడగలే బిడ్డా” అన్నాను.

రెండువేల పద్నాలుగు మే నెలాఖరు. ఎల్లుండి తెలంగాణ వస్తుందని రోడ్లంతా గులాబీ జెండాలు. ఆ శనివారమే చంద్రయ్య రిటైర్మెంటు. వాళ్ళ వెల్డింగ్ షెడ్డులో ఒక రివాజు ఉంది. చివరి రోజు మనిషి పని బట్టల మీద, చేతులకు తోలు గ్లౌజులతోనే గేటు దాకా వస్తాడు. గేటు దగ్గర కొడుకో కూతురో ఆ గ్లౌజులు విప్పాలి. అప్పుడే దండ, అప్పుడే బ్యాండు. పిల్లలు రానివాళ్ళవి ఎవరైనా తోటి కార్మికుడు విప్పుతాడు. అలా విప్పించుకున్నవాడి గురించి షెడ్డులో చాలాకాలం మాట్లాడుకుంటారు.

పొద్దున టిఫిన్ దగ్గర మహిపాల్ తల్లితో అన్నాడు, “స్టేషన్ల స్లాబు పోస్తున్నం ఇయ్యాల. నేను రాను. మానస వస్తది.”

“ఇరవై అయిదేండ్ల పనిరా” అంది సారలమ్మ.

“పని ఇడిసిపెట్టి రావొద్దు” అన్నాడు చంద్రయ్య, గోడ వైపు చూస్తూ. “కోడలు తీస్తది తియ్. కోడలైతేంది, బిడ్డె గదా.” డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. గ్లౌజులు ముందటి రోజే సబ్బు పెట్టి తుడిచి పెట్టుకున్నాడు. అది నేను చూశాను.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. పదకొండింటికి ఆటో ఎక్కి ఉప్పల్ పోయాను. రేకుల అవతల స్టేషన్ పని. కాపలా ఆయన ఆపి, “పెద్దమ్మా, టోపీ లేంది లోపలికి రావొద్దు” అని ఒక పసుపు టోపీ నా నెత్తిన పెట్టాడు. కొప్పు మీద అది కూర్చోక ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మహిపాల్ పరుగెత్తుకుని వచ్చాడు.

“ఏమైంది బాపమ్మా? ఆయనకేమన్న అయిందా?”

ఆ మాట విన్నాక ఇంక ఆగలేదు నేను.

“ఏం గాలే. నీ వయసు తక్కువ రాయించింది మీ బాపు గాదు. నేను.”

వాడు అర్థం కానట్టు చూశాడు.

“మీ బాపు చీటీ రాసిచ్చిండు. అక్టోబర్ ఒకటి, ఎనభై నాలుగు. ఉన్నది ఉన్నట్టు రాయించుమన్నడు. నేనే సారుకు ఇయ్యలే. ఇచ్చిన అని ఇంటికొచ్చి అబద్ధం జెప్పిన. వాడు మార్పిద్దామని రెండు రోజులు తిరిగిండు గూడ, కాలే.”

“మరి గప్పుడు నేనే అన్నడు గదా.”

“నువ్వు నాకు దూరమైతవని అన్నడు. నోరు దెరువకన్నడు. నేను తెరువలే.”

పైన ఎవడో “సార్, ఇంకో బండి కాంక్రీటు వచ్చింది, ఆపాల్నా” అని అరిచాడు. “ఆపకు, పోయుమను” అని మామూలుగానే చెప్పాడు మహిపాల్. ఇనుప రాడ్ల కట్ట మీద చేయి పెట్టాడు, ఎండకు కాలుతున్నా తీయలేదు.

“జాతకం నాడు నేనడిగిన” అన్నాడు.

“అడిగినవ్.”

“గప్పుడు నేను చిన్న పిల్లగాన్ని గాదు. గప్పుడు గూడ చెప్పలే.”

“చెప్పలే బిడ్డా.”

వాడు నా నెత్తి మీది టోపీ తీసి కాపలా ఆయనకు ఇచ్చాడు. ఆటో పిలిచి, ఇల్లు ఎక్కడో డ్రైవర్‌కు చెప్పాడు. ఆటో ఎక్కేటప్పుడు ఎప్పుడూ నా మోచేయి పట్టుకుంటాడు. ఆ రోజు పట్టుకోలేదు. సాయంత్రం వస్తావా అని నేను అడగలేదు, ఆ అధికారం నాకు లేదనిపించింది.

అయిదు గంటలకు కంపెనీ గేటు ముందు జనం. బ్యాండువాళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. చంద్రయ్య షెడ్డు మనుషుల నడుమ నడిచి వచ్చాడు, రెండు చేతులూ గ్లౌజులతో కాస్త ముందుకు పెట్టుకుని, ఎవరిదో సామాను మోస్తున్నట్టు. మానస కొంగు సర్దుకుని అడుగు ముందుకు వేసింది. అప్పుడే వెనక నుంచి మహిపాల్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. బూట్ల నిండా సిమెంటు. ఊపిరి ఎగపోస్తున్నాడు. మానస పక్కకు జరిగింది.

వాడు తండ్రి కుడిచేయి పట్టుకున్నాడు. పొద్దంతా చెమట పట్టి ఆ తోలు బిగిసిపోయింది, లాగితే రాలేదు. ఒక్కో వేలు పట్టి మెల్లగా లాగుతున్నాడు. చంద్రయ్య వేళ్ళు ముడుచుకున్నాడు.

“చెయ్యి సక్కగ పెట్టు బాపూ” అన్నాడు మహిపాల్.

పన్నెండేళ్ళు అయింది ఆ మాట విని. సారలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చంద్రయ్య మాత్రం కొడుకును చూడలేదు. వాడి భుజం మీదుగా నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

ఇంటికి వచ్చి జనం పోయాక, దండ ఇంకా మెడలోనే ఉంది, నా ముందుకు వచ్చి నిలబడ్డాడు నా కొడుకు. “పన్నెండేండ్లు మోసిన అవ్వా. ఇంకిన్నేండ్లు మోయకపోదునా? నిన్నెవరు దించుమన్నరు?” అన్నాడు. కోపంగానే అన్నాడు. వాడు కొడుకును పోగొట్టుకుని నాకోసం దాచిపెట్టినదాన్ని, వాణ్ణి అడగకుండా నేను తీసి ఇచ్చేశాను. 

సోమవారం పొద్దున ఉప్పల్ చౌరస్తాలో జెండా ఎగరేస్తున్నారని తండ్రీకొడుకులు బండి మీద పోయారు. చంద్రయ్య గడప దగ్గర ఆగి “అవ్వా, నువ్వు గూడ రారాదు, కారు మాట్లాడుత” అన్నాడు. మహిపాల్ బండి మీద ముందుకు చూస్తూ కూర్చున్నాడు. వద్దు, మీరు పోయి రండి అన్నాను. ఎప్పటెప్పటి నుంచో కావాలనుకున్న రోజు, పటాకుల చప్పుడు మా ఇంటి దాకా వినబడుతూనే ఉంది.

ఇది జరిగి రెండు నెలలు దాటింది. మహిపాల్ నాతో మాట్లాడడు. చెడ్డగా ఏమీ ఉండడు. నా మందులు అయిపోతే తెచ్చి పెడతాడు, మానస చేత ఇప్పిస్తాడు. బాపమ్మకు ఇయ్యి అనడు, ఆమెకు ఇయ్యి అంటాడు. నేను ఆరేళ్ళ పిల్లాడి వయసు దాచినందుకు కాదు ఈ కోపం. ఇరవై ఎనిమిదేళ్ళ వాడు పక్కన కూర్చుని అడిగితే కూడా దాచినందుకు. అది నాకు తెలుసు, కాబట్టి మాట్లాడమని ఎవరి చేతా చెప్పించలేదు.

సాయంత్రాలు వాడు పని నుంచి రాగానే చంద్రయ్య ముందు గదిలో కుర్చీ జరుపుకుంటాడు. స్తంభం లోతు ఎంత, రాడ్లకు వెల్డింగ్ ఎందుకు చేయరు, తీగతో ఎందుకు కడతారు అని వాడికి ఒకటే ప్రశ్నలు. “వెల్డింగ్ చేస్తె ఆ వేడికి రాడ్డు పెళుసైతది బాపూ” అని మహిపాల్ చెబుతుంటాడు. “నా వెల్డింగుకు గాదు” అంటాడు చంద్రయ్య. ఇద్దరూ నవ్వుతారు. నేను చాయ్ తీసుకుపోతే మాటలు ఆగుతాయి. గ్లాసులు బల్ల మీద పెట్టి, వెనక్కి వచ్చి వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడతాను. కాసేపటికి మళ్ళీ మొదలుపెడతారు. అవి మొదలయ్యాక నేను నా పని చూసుకుంటాను.